చైనా పాత కుర్చీల్లో వెదురు, మన ఎర్రచందనం

వెనక వరుసల్లో ఉన్నవాళ్లు వీలైతే కాస్త ముందుకు రండి. ఇవాళ నేను చూపించే ఫోటోల్లో విషయమంతా చిన్న చిన్న అతుకుల దగ్గరే ఉంది, దూరం నుంచి చూస్తే అన్నీ మామూలు కుర్చీల్లాగే కనిపిస్తాయి.

ఇదిగో, తెర మీద ఉన్న కుర్చీని చైనాలో చ్వాన్‌యీ అంటారు. మింగ్ వంశం 1368 నుంచి 1644 వరకు పాలించింది, అందులోనూ చివరి వందేళ్లలో ఇలాంటివి బాగా వచ్చాయి. వీపు వెనక మొదలై, రెండు పక్కలా వంగి, మన చేతుల కిందికి దిగే ఆ గుండ్రటి కమ్మీ చూడండి. ఎక్కడా తెగినట్టు అనిపించదు. కానీ అది ఒకే కర్ర కాదు, మూడు ముక్కలో ఐదు ముక్కలో ఉంటాయి. ఒక్కో ముక్కనీ గట్టి చేవ కర్రలోంచి వంపుగా చెక్కి తీసి, కొసల్ని సగం సగం కోసి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, రెండిటి మధ్యలో చదరపు బెజ్జం తొలిచి, అందులో ఒక కొస సన్నగా ఒక కొస లావుగా ఉన్న సీలని దిగ్గొట్టారు. సీల దిగేకొద్దీ ముక్కలు రెండూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. మేకు లేదు. జిగురు ఎక్కడైనా పెట్టినా అది సాయానికే, బరువు మోసేది మాత్రం కోత.

ఇప్పుడు నాకొచ్చే అనుమానం చెప్తాను. గట్టి కర్రతో పనిచేసేవాడు తనంతట తానుగా ఇలాంటి ఆకారం ఎంచుకుంటాడా? కర్రలో నార తిన్నగా ఉంటుంది. వంపు చెక్కితే నార తెగుతుంది, తెగినచోట బలం తగ్గుతుంది, పైగా ఖరీదైన కర్రలో చాలా భాగం పొట్టు కింద పోతుంది. ఇక్కడున్న వడ్రంగి సోదరులకి ఇది నేను చెప్పక్కర్లేదు. మరి ఎందుకు చేశారంటే, ఈ ఆకారం మొదట పుట్టింది కర్రలో కాదు, వెదురులో. చాలామంది పరిశోధకులు అలాగే అంటారు, వెదురు పని దగ్గర నుంచి చూశాక నాకూ అందులో సందేహం లేదు. ఒకే ఒక్క వెదురుని సెగ మీద వంచితే ఆ గుండ్రం దానంతట అదే వస్తుంది. కర్ర వడ్రంగి ఆ అందానికి ముచ్చటపడి, తన దగ్గరున్న వస్తువు వంగదు కాబట్టి, ఐదు ముక్కలతో ఆ వంపుని తిరిగి కట్టాడు. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఇదే ఒక విధంగా. కోట్లు పలికే చైనా గట్టి కర్ర ఫర్నిచర్‌కి పాఠం చెప్పింది పేదవాడి వెదురు.

వెదురు కుర్చీ ఎలా చేస్తారో కొంచెం వివరంగా చూద్దాం. దక్షిణ చైనాలో, సిచువాన్, హునాన్, జెజియాంగ్, ఫుజియాన్ వైపు, ఇది ఇప్పటికీ బతికున్న పని, చెంగ్డూ టీ కొట్లలో జనం కూర్చునేది వెదురు చేతుల కుర్చీల్లోనే. లావు బొంగు తీసుకుని, వంచాల్సిన చోట లోపలి వైపు కొంత కండ తీసేసి గంటు పెడతారు. ఆ చోట నిప్పు సెగ చూపిస్తే వెదురు మెత్తబడుతుంది, అప్పుడు దాన్ని నిలువు కాలి చుట్టూ తిప్పి పట్టుకుంటారు. చల్లారాక అలాగే బిగుసుకుపోతుంది. అంటే అడ్డ బొంగు వెళ్లి కాలిలో దూరదు, కాలిని కౌగిలించుకుంటుంది. ఎందుకంటే వెదురు లోపల బోలు, అందులో బెజ్జం పెట్టి కుసి, అంటే బెజ్జంలో దూరేలా సన్నగా కోసిన కొస, దూరిస్తే పగిలిపోతుంది. వదులుగా ఉన్నచోట వెదురు సీల, పైన పేము బెత్తం చుట్టు. మన మేదరవాళ్ల చేతిపని తెలిసినవాళ్లకి ఈ సెగ, ఈ గంటు, ఈ బద్ద చీల్చడం కొత్తేమీ కాదు.

ఇప్పుడు ఈ రెండో ఫోటో చూడండి. ఇది బల్ల, గట్టి కర్రతో చేసింది. కాళ్ల పైభాగంలో అడ్డకమ్మీ కాలి బయటి నుంచి చుట్టు తిరిగినట్టు లేదూ? నిజానికి చుట్టు తిరగలేదు. రెండు కమ్మీలు రెండు వైపుల నుంచి వచ్చి, కాలికి బయట మూల దగ్గర ఏటవాలు కోతతో కలుసుకుని, లోపల చిన్న కుసులతో కాలిని పట్టుకున్నాయి. పని చాలా కష్టం. కాలికి పక్కనే బెజ్జం పెట్టి కమ్మీ దూర్చేస్తే పది నిమిషాల్లో అయిపోయేది. అయినా వెదురు కౌగిలింత కనబడాలని అంత కష్టపడ్డారు. కొన్ని బల్లల కాళ్లని నాలుగు సన్నబొంగులు పక్కపక్కన కట్టినట్టు గాడులు తీసి చెక్కారు. కొన్నిటి మీద కణుపులు కూడా చెక్కారు.

పాత వెదురు సామాను మాత్రం మనకు మిగిలింది చాలా తక్కువ. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చుపురుగుకి అదే తిండి. ఎండకి నిలువునా పగులుతుంది. అన్నిటికన్నా పెద్ద కారణం ఏంటంటే అది చవక, విరిగితే పొయ్యిలోకి పోతుంది, ఎవరూ దాచరు. అందుకే ఇవాళ మ్యూజియాల్లో కనిపించే వెదురు కుర్చీలు ఎక్కువగా 19వ శతాబ్దంవి, అంతకన్నా పాతవి చూడాలంటే చిత్రాల్లో చూడాలి. మింగ్ కాలం చిత్రాల్లో తోటలో కూర్చున్న పండితుడి కింద తరచుగా ఉండేది వెదురు కుర్చీ. పండితులకి వెదురంటే గౌరవం, వంగుతుంది కానీ విరగదు, లోపల అహం లేకుండా బోలుగా ఉంటుంది అని కవిత్వాలు రాసుకునేవాళ్లు. మచ్చల వెదురు అని ఒకటుంది, గోధుమరంగు మచ్చలతో. షున్ చక్రవర్తి చనిపోతే ఆయన ఇద్దరు భార్యలు షియాంగ్ నది ఒడ్డున ఏడ్చారని, ఆ కన్నీళ్లే మచ్చలయ్యాయని అక్కడి కథ.

సరే, ఇక గట్టి కర్ర ఎప్పుడొచ్చింది. చైనావాళ్లు చాలాకాలం మనలాగే నేలమీద చాపల మీద కూర్చున్నారు. మడత పీట ఉత్తరాది సంచార జాతుల నుంచి హాన్ వంశ కాలంలో, అంటే సుమారు 1800 ఏళ్ల కింద వచ్చింది, కుర్చీ మీద కూర్చోవడం తాంగ్ వంశ కాలంలో (618–907) మెల్లగా పాకి, సొంగ్ వంశ కాలానికి (960–1279) అంతటా అలవాటైంది. అప్పటికి ఉన్న సామాను ఎక్కువగా మెత్తటి కర్ర, పైన లాకర్ పూత, అంటే ఒక చెట్టు జిగురుతో వేసే మెరుపు పూత. మింగ్ ప్రభుత్వం చాలాకాలం సముద్ర వ్యాపారాన్ని నిషేధించింది, 1567లో ఫుజియాన్ తీరంలో ఆ నిషేధం సడలించారు. ఆగ్నేయాసియా నుంచి గట్టి కర్రలు ఓడల్లో రావడం మొదలైంది. హైనాన్ దీవిలో పెరిగే హువాంగ్‌హువాలీ కర్రకి కూడా అదే కాలంలో గిరాకీ పెరిగింది. అది మన ఇరుగుడు చెట్టు కుటుంబమే, డాల్బెర్జియా. తేనె రంగు, మంచి వాసన, ముడుల దగ్గర ముఖాల్లా కనిపించే గీతలు. ఇంత అందమైన నార ఉన్న కర్రకి లాకర్ పూస్తే ఏం కనిపిస్తుంది? అందుకే తూర్పు చైనాలోని సూజౌ నగరపు వడ్రంగులు మైనం రుద్ది వదిలేశారు. పూత లేకపోతే అతుకులో తప్పు దాక్కోదు. నా దృష్టిలో ఆ పనితనం అంత ఎత్తుకి వెళ్లడానికి అసలు కారణం అదే.

కూర్చునే భాగం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. నాలుగు కమ్మీల చట్రం, దానికి చుట్టూ బెజ్జాలు, కింద తాటి జాతి నారతో అల్లిక, పైన సన్నటి పేముతో చాప లాంటి అల్లిక. మన నులక మంచంలాగే బరువు పడితే కొంచెం దిగుతుంది, గాలి ఆడుతుంది. కాలక్రమంలో అది తెగిపోతే చాలామంది తీసేసి చెక్క పలక కొట్టారు, దాంతో చాలా పాత కుర్చీలు ఇవాళ తమ అసలు కూర్చునే చోటు పోగొట్టుకుని ఉన్నాయి.

కాళ్లు చూడండి. కింద కాలు, పైన వీపు కమ్మీ, ఇవి రెండు వేరు కర్రలు కావు. ఒకే కర్ర నేల నుంచి మొదలై కూర్చునే చట్రంలోంచి దూసుకుని పైకి వెళ్తుంది. ఆ కర్ర చట్రానికి కింద చదరంగా, పైన గుండ్రంగా ఉంటుంది, కాబట్టి చట్రం కిందికి జారదు. కాళ్ల మధ్య అడ్డకమ్మీలు నాలుగూ ఒకే ఎత్తులో ఉండవు. ముందుది అన్నిటికన్నా కింద, అది పాదం పెట్టుకోవడానికి, చలినేల తగలకుండా. పక్కవి కొంచెం పైన, వెనకది ఇంకా పైన. అడుగడుగునా పైకి ఎదగాలని శుభసూచకంగా చెప్తారు, సంతోషమే, కానీ వడ్రంగి లెక్క ఇంకొకటుంది. నాలుగు బెజ్జాలూ ఒకే ఎత్తులో పడితే కాలు అక్కడే విరుగుతుంది.

బల్ల పైభాగం ఇంకా ముఖ్యం. చట్రంలో గాడి, గాడిలో పలక. పలకని నాలుగువైపులా జిగురు పెట్టి బిగించరు. వానాకాలం పలక ఉబ్బుతుంది, పొడి చలికి కుంచించుకుంటుంది, ఆ కదలికకి గాడిలో చోటు వదిలేస్తారు. పలక వంకర పోకుండా కింద అడ్డంగా ఒక కమ్మీ, పావురం తోక ఆకారపు గాడిలో జారి కూర్చుంటుంది. బీజింగ్ చలికాలం ఎంత పొడిగా ఉంటుందో, సూజౌ వేసవి ఎంత తేమగా ఉంటుందో ఆలోచించండి. నాలుగు వందల ఏళ్లు ఆ రెండిటికీ తట్టుకుని పగలకుండా నిలిచిన బల్లలున్నాయి. మన ఇళ్లకి ఇవాళ వచ్చే ఖరీదైన డైనింగ్ టేబుళ్లు రెండు ఎండాకాలాలకే నిలువునా చీలడానికి కారణం, చాలాసార్లు, ఆ కాస్త చోటు వదలకపోవడమే.

ఇప్పుడు మన సంగతి. చైనా రాజుల సింహాసనాలు, ముఖ్యంగా 18వ శతాబ్దంలో చియెన్‌లాంగ్ చక్రవర్తి కాలంవి, ఎక్కువగా జితాన్ అనే కర్రతో చేశారు. దాదాపు నల్లగా మెరిసే ఊదా ఎరుపు, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది, నార ఎంత సన్నగా ఉంటుందంటే ఉలి అడ్డంగా నడిపినా రేగదు. పది చెట్లలో తొమ్మిది బోలు అని అక్కడ సామెత. చైనా ప్రభుత్వం 2000లో ఈ విలువైన ఎర్రకర్రలకి జాతీయ ప్రమాణం ఒకటి తయారుచేసింది, మొదట 33 జాతుల చెట్లు, 2017లో సవరించాక 29. ఆ ప్రమాణంలో జితాన్ తరగతి కింద ఉన్నది ఒకే ఒక్క చెట్టు, టెరోకార్పస్ శాంటలైనస్. మన ఎర్రచందనం. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా ఇంతగా పెరగని చెట్టు. బీజింగ్‌లో 1999లో చెన్ లీహ్వా అనే వ్యాపారవేత్త ఈ కర్ర కోసమే ఒక మ్యూజియం కట్టించింది, రాజప్రాసాదంలోని మండపాల నమూనాలని ఈ కర్రతో చేయించి పెట్టింది.

నాకు బాధ ఎక్కడంటే, ఆ కర్ర పుట్టిన జిల్లాల్లో మనకి అది దుంగగానే తెలుసు. టన్ను ఎంత, వేలంలో ఏ గ్రేడ్ ఎంత పలికింది, లారీ ఎక్కడ పట్టుబడింది. తిరుపతిలో అమ్మే ఎర్రచందనం జంట బొమ్మలు పక్కన పెడితే, ఆ కర్రతో ఏం చేస్తారో, ఎంత ఓపికగా చేస్తారో మన పిల్లలకి చూపించినవాళ్లు లేరు. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ జాబితాలో ఉంది, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. అయినా దొంగతనంగా నరికి పట్టుకుపోతున్నారు. 2015 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో రాబర్ట్ ఎల్స్‌వర్త్ అనే సేకర్త దగ్గరున్న నాలుగు చ్వాన్‌యీ కుర్చీలు 96 లక్షల 85 వేల డాలర్లకి పోయాయి, అప్పటి లెక్కన సుమారు 60 కోట్ల రూపాయలు. తర్వాతి నెల, ఏప్రిల్ 7న, శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, ఎర్రచందనం కొట్టడానికి వచ్చారని చెప్పిన తమిళనాడు కూలీలు. ఆ కుర్చీలు ఎర్రచందనం కావు, హువాంగ్‌హువాలీ, రెండిటినీ నేరుగా ముడిపెట్టను. కానీ పాత వస్తువుకి వచ్చిన ఆ విలువ పనితనానికి వచ్చిందని మరిచిపోయి, కర్రకే వచ్చిందనుకున్న మార్కెట్ ఒకటి తయారైంది, ఆ మార్కెట్ అడుగున నిలబడ్డది ఆ కూలీలు. ఇది తలుచుకుంటే నాకు ఏ సింహాసనమూ అందంగా అనిపించదు, నిజంగా చెప్తున్నాను.

చియెన్‌లాంగ్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఆయన తన విశ్రాంత జీవితం కోసం బీజింగ్ రాజప్రాసాదంలోనే 1771 నుంచి 1776 వరకు ఒక తోట, అందులో భవనాలు కట్టించుకున్నాడు. లోకంలో ఉన్న ఏ కర్రైనా తెప్పించుకోగల మనిషి. ఆ భవనాల్లో ఒకదాంట్లో చిన్న నాటకశాల ఉంది, లోపల వెదురు దడి ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అది వెదురు కాదు, నాన్‌ము అనే మంచి కర్రని వెదురులా చెక్కి, మచ్చల వెదురు రంగు వేశారు. బీజింగ్ పొడిగాలికి అసలు వెదురు పగిలిపోతుందని అలా చేసి ఉంటారు. అదే భవనంలో గోడ పలకల మీద వెదురు లోపలి పొరతో చెక్కడాలు, వెదురు ఈనెలతో పొదుగుడు ఉన్నాయి. 2008లో మరమ్మతు పూర్తయింది, ఆ వెదురు పని తెలిసినవాళ్ల కోసం దక్షిణాదిలో వెతకాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ప్యాలెస్‌లో మెట్ల కమ్మీలు ఇనుముతో పోతపోసి వెదురులా రంగు వేశారు, అదీ ఈ మోజు ఫలితమే.

ఇక ఈ పాత సామానుని కాపాడినవాళ్లు. 1930, 40 దశకాల్లో బీజింగ్‌లో ఉన్న గుస్తావ్ ఎకె అనే జర్మన్ ప్రొఫెసర్ పాత కుర్చీలని, బల్లలని కొలిచి, యాంగ్ యావ్ గీసిన అతుకుల బొమ్మలతో 1944లో పుస్తకం వేశాడు. అంతకుముందు జనం వీటిని కళగా లెక్కపెట్టలేదు, చిత్రాలకి, పింగాణీకి ఉన్న గౌరవం వీటికి లేదు. తర్వాత వాంగ్ షీషియాంగ్, 1914లో పుట్టి 2009 దాకా బతికిన మనిషి. సైకిల్ మీద సందుసందూ తిరిగి, పాత సామాను కొనేవాళ్ల దగ్గర విరిగిన కాళ్లు, ఊడిన పలకలు కూడా కొన్నాడు. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవంలో అన్నీ పట్టుకుపోయారు, ఆయన్ని పల్లెకి పంపారు. తర్వాత తిరిగొచ్చిన సామానుని ఇరుకింట్లో ఒకదాని మీద ఒకటి పేర్చుకుని బతికాడు. వడ్రంగుల నోట విన్న పనిమాటలన్నీ రాసుకుని 1985లో ఆయన వేసిన పుస్తకంతోనే ప్రపంచమంతా ఈ సామాను వైపు తిరిగింది. 1993లో ఆయన 79 వస్తువులు షాంఘై మ్యూజియానికి చేరాయి. ఆయన స్నేహితుడు చెన్ మెంగ్‌జియా, ప్రాచీన లిపి పండితుడు, ఆయనా సేకర్తే. 1966లో అవమానాలు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. ఆయన కుర్చీలూ ఇప్పుడు షాంఘై మ్యూజియంలోనే ఉన్నాయి.

ఆ, అడగండమ్మా. ఆన్‌లైన్‌లో ‘మింగ్ కాలం కుర్చీ’ అని అమ్ముతున్నారు, కొనొచ్చా అంటున్నారు. వద్దండీ. 1911కి ముందువి చైనా నుంచి బయటికి పంపడాన్ని 2007 నుంచి నిషేధించారు. కొత్తగా అక్కడి నుంచి వచ్చిందంటే పాతదన్న మాటైనా అబద్ధం, లేదా రావడమైనా తప్పుదారిన. ఎవరింట్లోనైనా తాతల కాలం నాటిది ఉంటే బోర్లా తిప్పి చూడండి. పాత వాటి అడుగున గుడ్డ వేసి లాకర్ పూసిన ఆనవాళ్లుంటాయి. ముందు కమ్మీ పాదాల రాపిడికి మధ్యలో అరిగి ఉండాలి, నాలుగు కాళ్ల కొసలూ నేల తేమకి కొంత పాడై ఉండాలి. అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఆకురాయితో తీసిన అరుగుదల.

అమెరికాలో మీ పిల్లలుంటే, మినియాపోలిస్‌లో, కాన్సస్ సిటీలో ఉన్న ఆర్ట్ మ్యూజియాల్లో ఈ సామాను అద్భుతంగా ఉంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో కూడా చైనా వస్తువులకి విడిగా విభాగం ఉంది.

నువ్వు అడుగు తమ్ముడూ. ఇలాంటి అతుకు మన టేకుతో వస్తుందా? వస్తుంది. కాకపోతే టేకు మీద మొదలుపెట్టకు, వేప ముక్కల మీద చెయ్యి తిరగనీ. ముందు గాడిలో పలక ఒకటి చెయ్యి, జిగురు లేకుండా, ఎండాకాలంలో చేస్తే గాడిలో చోటు ఎక్కువ వదులు, వానాకాలంలో చేస్తే తక్కువ. అది ఏడాది పాటు పగలకుండా ఉంటే అప్పుడు ఏటవాలు మూలకి వెళ్లు. గుండ్రటి కమ్మీ అతుకు ఒకటి నేను చేయించి తెచ్చాను, సీల తీసి ముక్కలుగా బయట బల్ల మీద పెట్టాను. టీకి వెళ్లేటప్పుడు అందరూ ఒకసారి చేత్తో పెట్టి, తీసి చూడండి, సుత్తి మాత్రం వాడొద్దు, బొటనవేలితో నొక్కితే చాలు.